తెరమీద సున్నా

మేట్టుపాళయంలోని ఆ రంగుల ఫ్యాక్టరీలో తొట్టి కడిగేవాళ్ళు ముందు కంప్యూటర్ తెర చూసి, విషవాయువు లేదంటేనే దిగుతారు. తొట్టిలోని సెన్సరు కొలత నుంచి వాయువు ఎంతుందో లెక్కగట్టే సూత్రాన్ని సూపర్‌వైజర్లే టైపు చేస్తారు. జయప్రియ రాసిన పీహెచ్‌పీ ప్రోగ్రాం దాన్ని అప్పటికప్పుడు నడుపుతుంది. సూత్రంలో తప్పుంటే ప్రోగ్రాం ఆగిపోయి పని నిలిచిపోయేది. అందుకని తప్పు వస్తే ప్రోగ్రాం ఆగకుండా సున్నా చూపించేలా చేయమన్నాడు మేనేజరు రవిచంద్రన్. ఆమె అలాగే మార్చింది.

ఆ ఉదయం సున్నా కనబడింది.

"ఏంది పాపా, నీ డబ్బా ఈపొద్దు మంచిమాటే చెప్తాండాదే!" అని నవ్వుతూ తొట్టిలోకి దిగాడు కూలీ కాళియప్పన్.

జయప్రియకు అనుమానం వచ్చి సూత్రం తెరిచింది. నిన్న సెన్సరు మార్చారు. సూత్రంలో పాత సెన్సరు పేరే ఉంది. ఆ సున్నా గాలిది కాదు, తప్పుది.

"మామా, పైకి రా!" అని అరుస్తూ పరుగెత్తింది. అతని నడుముకు కట్టిన తాడు లాగితే ఊపిరి లేని మనిషి వచ్చాడు.

మధ్యాహ్నం ఆమె ప్రోగ్రాంలో సున్నా తీసేసి, తప్పు వస్తే 'లెక్క తెలియలేదు, దిగవద్దు' అని కనబడేలా రాసింది.

"మళ్ళా పని నిలిచిపోతుంది కదమ్మా," అన్నాడు రవిచంద్రన్.

"నిలవనీండి సార్."

సాయంత్రం షిఫ్టులోనూ సూత్రంలో తప్పు వచ్చింది. తెరమీది మాట చదివి, కూలీలు తొట్టి అంచున కాళియప్పన్ చెప్పుల పక్కనే నిలబడిపోయారు.