బిగించని స్క్రూ

కాశిం దగ్గర రైఫిల్ పట్టుకోవడం నేర్చుకున్న యేసుకుమార్ ఇప్పుడు అతనికి పై అధికారి. ఇద్దరూ ఒకే ఏడాది కానిస్టేబుళ్లుగా చేరారు. కంకిపాడు నుంచి వచ్చిన యేసుకుమార్‌కి మొదట్లో ట్రిగ్గర్ నొక్కబోతే చాలు, కళ్లు మూతపడేవి. పక్కనే బోర్లా పడుకుని, ఊపిరి ఎప్పుడు ఆపాలో ఎప్పుడు వదలాలో చెప్పింది కాశిమే. ఇరవై రెండేళ్లు గడిచాయి. కాశిం ఆయుధాలు బాగుచేస్తూ హెడ్ కానిస్టేబుల్ దగ్గరే ఆగిపోయాడు. యేసుకుమార్ భుజం మీదికి నక్షత్రం వచ్చింది.

నక్షత్రాన్నయినా కాశిం ఓర్చుకున్నాడు గానీ, స్కోపు సంగతి మాత్రం అతనికి మింగుడుపడలేదు.

గస్తీ బండ్లలో ఉంచే రైఫిళ్లకు గురి చూసే చిన్న స్కోపులు పెట్టించాలని డీఎస్పీ రాజ్యలక్ష్మి అనుకున్నారు. ఏది తీసుకోవాలో తేల్చే పని యేసుకుమార్‌కి అప్పగించారు. పరీక్షకు రెండు వచ్చాయి. ఒకటి ఎదుటిదాన్ని నాలుగు రెట్ల వరకు పెద్దదిగా చూపిస్తుంది, రెండోది ఎనిమిది రెట్ల వరకు.

మీటింగులో యేసుకుమార్ నాలుగు రెట్లదే చాలన్నాడు. "గవర్నర్‌పేట బజార్లో ఈ షాపు గుమ్మం నుంచి ఎదురు షాపు గుమ్మానికి నలభై మీటర్లు కూడా ఉండదు మేడమ్. మనవాళ్లు రెండు కళ్లూ తెరిచి, చుట్టూ జనాన్ని చూసుకుంటూ గురిపెట్టాలి. దీంట్లో అది కుదురుతుంది. బరువూ తక్కువే."

మేడమ్ మెచ్చుకున్నారు. వెనక కుర్చీలో కూర్చున్న కాశింకి ఒళ్లు మండింది. అవి తన మాటలు. వారం కిందట టీ తాగుతూ తాను చెప్పినవే. ఆ ఉక్రోషంలోనే, "ఎనిమిది రెట్లదే మంచిదండీ," అనేశాడు. ఎందుకని మేడమ్ అడిగితే, పెద్దగా కనపడుతుంది గదా అన్నాడు. సరే, రెండూ కాల్చి చూద్దామన్నారు ఆవిడ.

మైలవరం అవతల కొండవారన ఉన్న ఫైరింగ్ రేంజికి బయల్దేరే ముందు స్కోపులు బిగించింది కాశిమే. నాలుగు రెట్లదాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే స్క్రూల్లో ఒకటి వేలితో తిప్పితే తిరిగింది. రెంచి చేతిలోనే ఉంది. ఒక్క నిమిషం స్క్రూవంక చూసి, రెంచిని పెట్టెలో పడేసి మూత వేశాడు.

"అన్నీ చూశావా?" అని యేసుకుమార్ అడిగాడు.

"చూశాను సార్."

రేంజిలో నాలుగు రెట్లదానితో యేసుకుమార్ కాల్చిన మొదటి మూడు గుళ్లూ అరచేయంత మేరలో పడ్డాయి. ఆ తర్వాతవి ఎడమకి జరుగుతూ పోయాయి. పదో గుండు టార్గెట్ అట్టనే తాకలేదు. కాశిం లోపల ఏదో తియ్యగా కదిలింది. మేడమ్ మొహం చిట్లించారు.

"స్కోపు తప్పు కాదు మేడమ్," అన్నాడు యేసుకుమార్. "నా చెయ్యే కుదర్లేదు."

ఆ మాటతో కాశిం సంతోషం సగం చచ్చింది. నింద స్కోపు మీద పడితే బాగుండేది. వీడు తన మీద వేసుకున్నాడు.

తర్వాత కాశిం ఎనిమిది రెట్లదానితో పది గుళ్లూ మధ్యలో దించాడు. "మీరు చెప్పిందే నిజంలా ఉందే," అన్నారు మేడమ్. ఈ మాట కోసమే గదా ఇదంతా అనుకున్నాడు.

ఆఖరున గస్తీ కానిస్టేబుల్ శాలినిని పిలిచారు. యాభై మీటర్లు పరుగెత్తి వచ్చి వెంటనే కాల్చాలి. కళ్లద్దాలు పెట్టుకున్న ఆ పిల్ల రొప్పుతూ వచ్చి ఎనిమిది రెట్ల స్కోపులో కన్ను పెట్టింది. తల అటు జరిపింది, ఇటు జరిపింది.

"నల్లగా కనపడతంది సార్. మనిషి బొమ్మ దొరకట్లేదు."

ఐదు క్షణాలు పోయాయి. బజార్లో ఐదు క్షణాలంటే ఏమిటో కాశింకి తెలుసు. రేపు ఈ రైఫిల్ బండెక్కేది ఈ అమ్మాయి చేతుల్లోనే.

"మేడమ్," అన్నాడు. "ఆ మొదటి స్కోపు స్క్రూ వదులుగా ఉంది. పొద్దున చూశాను."

"చూసి?"

"బిగించలేదండీ. కావాలనే."

కాశిమే వెళ్లి స్క్రూ బిగించాడు, మళ్లీ గురి సరిచేశాడు. శాలిని మళ్లీ పరుగెత్తి వచ్చింది. ఐదుకి ఐదూ తగిలాయి. నాలుగు రెట్లదే ఖాయమైంది. కాశింని అక్కడే నిలబెట్టి, సంజాయిషీ రాసివ్వమన్నారు మేడమ్. ఆయుధాల గది తాళాలు ఆ రోజు నుంచే వేరేవాళ్లకి అప్పగించమన్నారు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో యేసుకుమార్ వచ్చి అతని పక్కనే కూర్చున్నాడు. ఇబ్రహీంపట్నం దాటాక అతనివైపు తిరిగాడు.

"ఆ మాటలు నీవేనని మేడమ్‌కి ముందే చెప్పాల్సింది," అన్నాడు. "చెప్పలా. నాదే తప్పు. రిపోర్టులో ఆ సలహా నీ పేరున రాస్తానురా."

"రాస్తావు. నాకు తెలుసు," అన్నాడు కాశిం. "నువ్వు ఇస్తే నేను పుచ్చుకోవడం, అదేరా నాకు పడందీ."

"అయినా రాస్తాను," అన్నాడు యేసుకుమార్.

కాశిం కిటికీ వైపు తిరిగాడు. వద్దని మాత్రం అనలేదు.