చుక్కల్లేని మెడ

గిటారుకు తల దేనికి అని ఒకనాడు అనుమానమొచ్చింది ఆ గిటార్లు చేసే ఆయనకు. అనుమానమొస్తే ఊరుకునే రకమా? తల కాస్తా తీసేశాడు. తీగలు బిగించే బిరడాలను కిందికి, ఒంటి చివరకు దింపాడు. ఒళ్లు మాత్రం ఇంతెందుకని దాన్నీ చెక్కి చెక్కి తొడ మీద నిలిచేంత పలక మిగిల్చాడు. తీగల మోతను పట్టే పికప్ ఒకటి, తిప్పే నాబ్ ఒకటి. నల్లటి మెడ మీద వెండిగీతల్లా మెట్లు, అంతే. పక్కింటి టైలరు వచ్చి చూసి, మిగతాది ఎప్పుడు చేస్తావని అడిగాడు.

ఇదంతా అక్క కోసం. అక్క ఒక బృందంతో కలిసి వేదికల మీద గిటారు వాయిస్తుంది. భుజానికి ఆపరేషన్ అయ్యాక బరువు మోయకూడదన్నారు. పాత గిటారును ఎత్తలేక ఎవరికో ఇచ్చేసి దిగాలుగా కూర్చుంటే, తమ్ముడు పూనుకుని ఈ పుల్లను చేసిపెట్టాడు. ఆవిడ ఒక చేత్తో ఎత్తి, "అచ్చం నీలాగే ఉందిరా, తిండి లేనట్టు" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ మహానుభావుడు తీసేసినవాటిలో ఇంకొకటుంది, అది మాత్రం అక్కకు చెప్పలేదు.

ఏ గిటారుకైనా మెడ పై అంచున, వాయించేవాళ్ల కంటికి ఎదురుగా, చిన్న చిన్న తెల్ల చుక్కలుంటాయి. ఎన్నో మెట్టు మీద వేలుందో వాటిని బట్టి తెలుస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనబడవు కూడా. కానీ నున్నటి ఆ నల్లటి అంచును చూశాక ఈయనకు చుక్క పెట్టబుద్ధి కాలేదు. దీపం ముందు అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయాడు. ఇన్నేళ్లుగా వాయిస్తున్న మనిషికి చుక్కలెందుకులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కొత్తరకం వస్తువులను ప్రదర్శనకు పెట్టే సంస్థవాళ్లు చూడటానికి వస్తామన్నారు మరి. అసలు సంగతి అదీ.

కొన్నాళ్లకు అక్క గిటారు భుజాన వేసుకుని తమ్ముడి కొట్టుకు వచ్చింది. బల్ల పక్కన కూలబడి, నేల మీది చెక్కపొట్టును కాలితో గీస్తూ చెప్పుకొచ్చింది. వేదిక మీద లైట్లు తగ్గించగానే పాటను ఒక మెట్టు పైన ఎత్తుకుందట. పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసిందట. ఒకసారయితే సరే, ప్రతిసారీ అదే. నిన్న మొన్నటిదాకా కళ్లు మూసుకునైనా వాయిస్తాననుకున్న పాటలే.

"అమ్మకూ ఇలాగే కదరా మొదలైంది" అంది. "నాకూ మొదలైంది."

వాళ్లమ్మ చివరి రోజుల్లో ఈ కూతుర్నే పట్టుకుని, ఎవరింటమ్మాయివమ్మా అని అడిగేది. ఆ మాట విన్నప్పుడల్లా అక్క మొహం ఎలా పాలిపోయేదో తమ్ముడికి తెలుసు.

అతను గిటారందుకున్నాడు. బయట మబ్బు పట్టి కొట్టంతా మసకగా ఉంది. చెయ్యి అలవాటుగా మెడ మీదికి పోయింది, ఒక మెట్టు పైన పడింది. మళ్లీ వేశాడు, మళ్లీ అంతే. పైకి జరిగితే తగలడానికి తల లేదు, ఓరకంట చూస్తే చుక్క లేదు. ఇన్నేళ్లూ అక్క చూస్తూనే ఉంది ఆ చుక్కల్ని, చూస్తున్నట్టు ఆవిడకే తెలియదు.

అప్పుడే చెప్పొచ్చు కదా. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆరోజు పొద్దున్నే ప్రదర్శనవాళ్లు ఫోన్ చేశారు, ఆ మెడ నునుపు చూసి ముచ్చటపడి దీన్నే ఎంచుకున్నామని. నాలుగు రోజులు పోనీ, ఫోటోలు తీసుకోనీ అనుకున్నాడు పెద్దమనిషి. "అలసటలే అక్కా, పడుకుంటే పోతుంది" అన్నాడు. అక్క తలూపి లేచింది. గిటారు అక్కడే వదిలేసి వెళ్లింది.

ఆ తర్వాత అతనికి అన్నం సహించలేదు. భార్య ఏమైందని అడిగితే నీళ్లు నమిలాడు. అక్క బృందం మానేసిందని, వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారని ఎవరో చెప్పారు. ఇక ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాడు.

అక్క టీ పెడతానని వంటింట్లోకి వెళ్తే వెనకాలే వెళ్లాడు. డబ్బాలన్నిటికీ కాగితాలు అంటించి ఉన్నాయి. ఉప్పు. పంచదార. టీపొడి. పొయ్యి పైన గోడకు పెద్ద అక్షరాలతో, ఆపావా? అని. అక్క పంచదార డబ్బా తీసి, కాగితం చదివి, మూత తీసి వేలితో రుచి చూసి మరీ చెంచా పెట్టింది.

అతను టీ తాగలేదు. ఇప్పుడే వస్తానని పరుగున తన కొట్టుకు వెళ్లి, గిటారును బల్లకు బిగించి, ఆ నున్నటి నల్లటి అంచుకు బెజ్జాలు పెట్టాడు. తెల్లటి ప్లాస్టిక్ పుల్ల ముక్కలు దిగ్గొట్టి అరగదీశాడు. తొందరలో ఒక చుక్క పక్కకు పోయింది కూడా. పోతే పోయిందన్నాడు.

తిరిగొచ్చి కిటికీ తెర వేసి గది మసక చేసి, గిటారు అక్క ఒళ్లో పెట్టాడు. ఆవిడ వద్దు వద్దంటూనే వేళ్లు పెట్టింది. పాట సరిగ్గా పడింది. ఇంకొకటి వాయించింది, అదీ పడింది. చెయ్యి ఆపి మెడ వైపు చూసింది.

"చుక్కలు నేనే పెట్టలేదక్కా" అన్నాడు. "అందంగా ఉంటుందని మానేశాను. నీకేం కాలేదు. తప్పు నాది."

అక్క గిటారును జాగ్రత్తగా గోడకు ఆనించింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు కొట్టుకు వచ్చిన రోజే."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రోజూ పడుకోబోయే ముందు మా పిల్లదాని పేరు పైకి అనుకుని పడుకుంటున్నానురా, పొద్దున లేచేసరికి గుర్తుంటుందో లేదోనని" అంది. వంటింటి వైపు చూపించి, "ఆ కాగితాలన్నీ నువ్వే పీకు" అంది.

అతను పీకడం మొదలుపెట్టాడు. గట్టిగా అంటించింది, సగం ఊడి సగం ఊడలేదు. గోళ్లతో గీకాడు, తడిబట్టతో రుద్దాడు. డబ్బాలయ్యాయి, పొయ్యి మీది గోడ అయింది. అయిపోయాయన్నాడు. ముందుగదిలోది ఉందంది అక్క.

ముందుగదిలో గోడకు వాళ్లిద్దరి ఫోటో ఉంది. అతని బొమ్మ కింద చిన్న కాగితం, అక్క దస్తూరీ: తమ్ముడు. మంచివాడు. ఏది మర్చిపోయినా వీణ్ణి అడుగు.

అతని కళ్లకు మసకలు కమ్మి అక్షరాలు కనబడలేదు.

"అదీ పీకు" అంది అక్క వెనకనుంచి.