పండగపూట పిండికట్టు

చో హక్చోల్ గారి గురించి ముందు చెప్పుకోవాలి. ముందు చెప్పకపోతే ఆయనకు కోపమొస్తుంది. ఆయన పండగ ఒత్తిడి నిపుణుడు. నవ్వకండి, నిజంగా అదే ఆయన ఉద్యోగం. కొరియాలో పెద్దలకు పెట్టుకునే పంటల పండగ చూసోక్ ఇంకా నెల ఉందనగానే గ్వాంగ్జు నగరం చుట్టుపక్కల మునిసిపల్ హాళ్ళన్నీ ఆయన్ను పిలుస్తాయి. ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, పండగ రోజుల్లో ఒంటినీ మనసునూ ఎలా కాపాడుకోవాలో చెబుతాడు. "ఊపిరి పీల్చండి. నవ్వండి. వదిలెయ్యండి." పెనం మీద అట్టు చుయ్యిమనే చప్పుడు వాన చప్పుడులాంటిదట. అది వింటూ అట్లు తిరగెయ్యడం ధ్యానంతో సమానమట. యాభై ఏళ్ళ జీవితంలో ఆ ధ్యానం ఒక్కరోజైనా ఆయన చేసిన పాపాన పోలేదు. ఆయన తినేవాడు, అంతే.

ఆయన వదిన జొంగ్రాన్. ఆ ఇంటికి పెద్దకోడలు. గ్వాంగ్జులో మూడు కుర్చీల సెలూన్ ఆమెది. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి చూసోక్ ముందురోజూ నాజు ఊళ్ళో అత్తగారింటి హాల్లో పాత పేపర్లు పరుచుకుని, కరెంటు పెనం ముందు కూర్చుని, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పెసరట్లు, గుడ్డుసొనలో ముంచిన చేప ముక్కలు, గుమ్మడి ముక్కలు వేయించేది. అన్నీ చో వారి పెద్దలకు నైవేద్యం. ఆమె పుట్టింటి పెద్దలకు కాదు. బతికుండగా కనీసం ఆమె మొహమైనా చూడని ముసలాళ్ళకు!

ఈ ఏడు పండగకు పన్నెండు రోజుల ముందు సెలూన్లో తడినేల మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి లోపల సన్నటి తీగలు పెట్టారు, పైన పిండికట్టు వేశారు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. "మూడు వారాలు ఈ చేత్తో చెంచా కూడా ఎత్తొద్దమ్మా. తీగలు కదిలితే బొటనవేలి నరం తెగుతుంది. ఆ తర్వాత మీరిక కత్తెర పట్టలేరు." ఆపరేషన్ కాగితం మీద సంరక్షకుడు అన్నచోట సంతకం పెట్టింది ఆమె మొగుడు దల్సూ. డాక్టరు చెప్పిందంతా పక్కనే నిలబడి రెండు చెవులా విన్నాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నాజు వెళ్ళే దారంతా బళ్ళ బారు. కారులో జొంగ్రాన్ మూడుసార్లు అడిగింది.

"ఏవండీ, అత్తయ్యకు మీరే చెప్పండి. నేను చెబితే సాకులంటారు."

"చెబుతాలే."

"వెళ్ళగానే చెప్పండి. కూర్చున్నాక కాదు."

"చెబుతానన్నానా? పండగపూట నస మొదలెట్టకు."

వెళ్ళగానే దల్సూ చెప్పిన మొదటి మాట, "అమ్మా, ఆకలేస్తోంది."

అత్తగారు కోడలి మొహం చూడలేదు, చెయ్యి చూసింది. చెయ్యెలా విరిగిందని అడగలేదు. చిన్నకోడలు, అంటే హక్చోల్ పెళ్ళాం హేరిమ్ వైపు తిరిగి పెదవి విరిచింది.

"వచ్చిందమ్మా పెద్దకోడలు, చేతికి కట్టు తగిలించుకుని! ఏ అంగట్లో కొన్నావే?"

ఆ ముసలామె అడగడంలో తప్పేముంది? పండగ దగ్గరపడితే చాలు, ఉత్తుత్తి పిండికట్లు అమ్ముతారు. చూడ్డానికి అచ్చు నిజందానిలాగే ఉంటుంది, లోపల జిప్పు. తొడుక్కుని అత్తగారింటికి పోతే వంటపని తప్పుతుంది, ఇంటికొచ్చి విప్పేసి బట్టల బీరువాలో దాచుకోవచ్చు, వచ్చే ఏటికి పనికొస్తుంది. కిందటి వారమే టీవీలో గంటసేపు చూపించారు. దాని గురించి మాట్లాడటానికి టీవీవాళ్ళు పిలిచిన నిపుణుడు ఎవరనుకున్నారు? మన హక్చోల్ గారే.

"నిజంగా విరిగింది అత్తయ్యా. ఆపరేషన్ చేశారు. ఈయన్నడగండి."

అందరూ దల్సూ వైపు చూశారు. దల్సూ బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. నిజమంటే హేరిమ్ ఒక్కతే రేపు వచ్చే నలభై మందికి సరిపడా అట్లు పొయ్యాలి. హేరిమ్ ఒక్కతే పొయ్యదు. అప్పుడు అమ్మ కళ్ళు మగవాళ్ళ మీద పడతాయి. ఈ లెక్కంతా దల్సూ మొహం మీద ఒకటొకటిగా కనబడుతుంటే జొంగ్రాన్ చూస్తూ నిలబడింది.

"ఏదో... డాక్టరు కట్టు వేశాడమ్మా," అన్నాడు చివరికి. "జాగ్రత్త కోసం. పండగపూట గొడవలెందుకు, చేసినంత చేస్తుందిలే."

ఛీ! విరిగిన ఎముక నొప్పి పెట్టింది నిజమే. కానీ ఈ మాట అంతకన్నా లోతుగా దిగింది.

వంటింట్లో హేరిమ్ ఆమె భుజానికి భుజం ఆనించి గుసగుసలాడింది. "అక్కా, ఎంత బాగా కుదిరిందో! నాకూ ఒక మాట చెప్పచ్చుగా? నేనూ తెప్పించుకునేదాన్ని."

"దీన్ని ఆస్పత్రిలోనే ఇస్తారు హేరిమ్. ముందు ఎముక విరగ్గొట్టుకోవాలి."

"పోనీలే అక్కా, నా దగ్గర కూడా నటనెందుకు," అని హేరిమ్ మూతి ముడుచుకుంది. మంచిదే, పాపం. కాకపోతే పని తన మెడకు చుట్టుకుంటుందంటే మంచితనం ఎంతసేపు నిలుస్తుంది?

జొంగ్రాన్ ఎడమచేత్తో చేతనైంది చేసింది. పప్పు కడిగింది, ఉల్లికాడలు ఏరింది, పేపర్లు పరిచింది. పెనం ముందు మాత్రం కూర్చోలేదు. మధ్యాహ్నం రెండింటికి అత్తగారికి ఓపిక చచ్చింది.

"మా అత్త కాలంలో నేను పురిటి మంచం దిగిన ఆరోనాడు అట్లు పోశాను. ఈమెగారికేమో చెయ్యి బరువట! ఒరే చిన్నాడా, నువ్వు చదువుకున్నవాడివి కదా, అదేమిటో చూసి చెప్పు!"

హక్చోల్ అప్పటిదాకా సోఫాలో పడుకుని, తన గుండె నిమిషానికి అరవై రెండుసార్లు కొట్టుకుంటోందని చేతి గడియారంలో చూసుకుని మురిసిపోతున్నాడు. పొద్దుటే ‘ఒత్తిడి లేని చూసోక్‌కు ఏడు సూత్రాలు’ అని ఇంటిల్లిపాది ఫోన్ గ్రూపులో పెట్టాడు కూడా. నాలుగో సూత్రం: ఎదుటివారి నొప్పిని గౌరవించండి. ఇప్పుడు లేచి, చొక్కా సర్దుకుని, హాళ్ళలో పెట్టే గొంతు పెట్టాడు.

"వదినా, నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. పండగంటే భయం, అందుకే కట్టు. ఇలాంటివాళ్ళను వందలమందిని చూశాను."

"భయం కాదయ్యా. ఎముక."

"అందరూ అదే అంటారు." వేలితో కట్టు మీద టకటకా కొట్టాడు. తలుపు కొట్టినట్టు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. "ఊఁ. నోరు అబద్ధమాడుతుంది కానీ ఒళ్ళు ఆడదు. నా క్లాసుల్లో ఒక పరీక్ష ఉంది..."

పరీక్ష ఏమిటో చెప్పలేదు. చెప్పి చేస్తే పరీక్షే కాదట. రెండడుగులు వెనక్కి వేసి, నైవేద్యానికి పేర్చిన పళ్ళలోంచి ఒక బేరిపండు తీశాడు. నాజు బేరిపండంటే పసిపిల్లవాడి తలంత ఉంటుంది, కిలోకి కాస్త తక్కువ. "వదినా, పట్టుకోండి!" అంటూ ఆమె కుడివైపుకు విసిరేశాడు.

ఆడదాని ఒంటికి ఇల్లు నేర్పిన పాడు అలవాటు ఒకటుంది. పడబోయేది ఏదైనా పట్టుకుంటుంది, గిన్నె, పిల్లాడు, అత్తగారి కళ్ళజోడు. పైగా అది పెద్దలకు పెట్టే పండు. నేల తగిలిందంటే నైవేద్యానికి పనికిరాదు, ఏడాదంతా ఆ మాటే వినాలి. జొంగ్రాన్ ఏమీ ఆలోచించలేదు. రెండు చేతులూ వాటంతటవే లేచాయి. పండు కుడి అరచేతిలో ధన్‌మని పడింది, వేళ్ళు ముడుచుకున్నాయి. మణికట్టు లోపల పుల్ల విరిగినట్టు టప్‌మంది.

"పట్టేసుకుంది!" అని హక్చోల్ గెంతాడు. "చూశారా? చూశారా అమ్మా?"

అత్తగారు తొడ చరిచి నవ్వింది. హేరిమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దల్సూ కూడా నవ్వాడు! కాగితం మీద సంతకం పెట్టిన దల్సూ. అందరితో పాటు, కొంచెం ఆలస్యంగా, కొంచెం చిన్నగా. అయినా నవ్వాడు.

"ఇక చాల్లే నంగనాచి వేషాలు. కూర్చో," అని అత్తగారు పండును ఆమె ఎడమచేతిలోకి మార్చి, అట్లకాడ తెచ్చి కుడిచేతిలో పెట్టింది.

అట్లకాడ జారి నేలమీద పడింది. జొంగ్రాన్ తన బొటనవేలిని చూసుకుంది. లేవమంది. అది లేవలేదు. మళ్ళీ లేవమంది. నాలుగు వేళ్ళూ మెదులుతున్నాయి, అదొక్కటీ తనది కానట్టు పడుకునుంది. ఇరవై రెండేళ్ళు కత్తెర రింగులో దూరిన వేలు.

"అబ్బో, నటనలో ఆరితేరింది," అంది అత్తగారు.

జొంగ్రాన్ ఏడవలేదు, అరవలేదు. ఎడమచేతిలోని బేరిపండును పళ్ళెంలో జాగ్రత్తగా పెట్టింది. దానికి దెబ్బ తగల్లేదు, నిగనిగలాడుతోంది. కోటు భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఎక్కడికే?"

"ఆస్పత్రికి."

"ఇదిగో, దీన్నే తప్పించుకోవడం అంటారు," అని హక్చోల్ తల్లికి పాఠం చెబుతున్నాడు. దల్సూ గుమ్మం దాకా వచ్చాడు. "ఇప్పుడు టాక్సీ ఎక్కడ దొరుకుతుంది? కాసేపాగితే నేనే..." అంటూ వెనక్కి తల్లి వైపు చూశాడు. ఆమె ఆగలేదు.

పండగ రోజుల్లో ఆస్పత్రి అంటే అత్యవసర వార్డు ఒక్కటే. అక్కడ కూర్చున్న నర్సు కట్టును చూసి అలసటగా నిట్టూర్చింది. "అమ్మా, చేయి విరిగిందని సర్టిఫికెట్ కావాలంటే మేమివ్వం. పొద్దుట్నించి మీరు మూడోవారు."

"సర్టిఫికెట్ వద్దమ్మా. నా బొటనవేలు లేవడం లేదు."

నర్సు ఆమె మొహంలోకి చూసి గబుక్కున లేచింది.

ఎక్స్‌రేలో తీగ వంగిపోయి అడ్డంగా కనబడింది. కుర్ర డాక్టరు దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "నరం తెగిందండీ. ఈరోజే ఆపరేషన్ చెయ్యాలి. కలుపుతాం. పట్టు ఎంత తిరిగొస్తుందో మాత్రం ఇప్పుడు చెప్పలేను. ఏం చేశారసలు?"

"పండు పట్టుకున్నాను."

తెర మీది ఎక్స్‌రేను ఎడమచేత్తో ఫొటో తీసింది. మొదటిది మసకగా వచ్చింది, రెండోసారి కుదిరింది. ఇంటిల్లిపాది గ్రూపులో హక్చోల్ ఏడు సూత్రాల కింద ఆ ఫొటో పెట్టింది. ఒక్క అక్షరం రాయలేదు. ఫొటో పక్కన ఇంకా చూడనివాళ్ళ లెక్క పడింది, నాలుగు. చూస్తుండగానే మూడైంది, రెండైంది, ఒకటైంది. తర్వాత అంకె మాయమైంది. అందరూ చూశారు.

పది నిమిషాలకు హక్చోల్ ఆమెకొక్కదానికే విడిగా రాశాడు. "వదినా, చాలా బాధగా ఉంది. ఫొటో గ్రూపులోంచి తీసేస్తే మంచిది. అమ్మకు బీపీ. పైగా పండగవగానే నాకు టీవీ కార్యక్రమం ఉంది, అపార్థాలు రాకూడదు." దాని వెనకే దల్సూ ఫోన్ చేశాడు. వెనక పెనం చప్పుడు వినబడుతోంది. ఆ వాన చప్పుడే.

"జొంగ్రాన్... నిజంగానే తెగిందా?"

"నిజంగానే అంటే? మీకు తెలీదా?"

"అది కాదు... అమ్మ బాగా దిగులు పడుతోంది. హేరిమ్ ఏమో ఒంటికాలి మీద లేస్తోంది, పొయ్యి నేను చూడాల్సొస్తోంది. ఒక్క మాట చెప్పు, పెసరపిండిలో ఉప్పెంత వేస్తావు?"

మొగుడంటే జొంగ్రాన్‌కు కోపం వచ్చేది, జాలి వేసేది, విసుగొచ్చేది. ఇప్పుడు వాటిలో ఒక్కటీ రాలేదు. చెప్పుకు అంటినదాన్ని చూసినట్టనిపించింది.

"దల్సూ గారూ," అంది. పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అలా పేరు పెట్టి పిలవలేదు. "ఊపిరి పీల్చండి. నవ్వండి. వదిలెయ్యండి."

ఫోన్ పెట్టేసింది. నర్సు కాగితాలు తెచ్చింది.

"సంరక్షకుడి సంతకం కావాలమ్మా. మీవారు వస్తున్నారా?"

"లేదు. నాకెవరూ లేరు. నేనే పెడతాను."

నర్సు కాగితం కదలకుండా పట్టుకుంది. జొంగ్రాన్ ఎడమచేత్తో, ఒకటో తరగతి పిల్లలా వంకరటింకరగా, రోగి అన్నచోట ఒకసారీ సంరక్షకుడు అన్నచోట ఇంకోసారీ తన పేరే రాసింది.