తడి లేని గిన్నె

రాజపాళయంలో పాండురంగన్ మెచ్చుకునే మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. అది పాండురంగనే. తక్కినవాళ్ళంతా ఆయన దృష్టిలో స్పానరు పట్టుకున్న వంటవాళ్ళు. మిల్లు బాయిలరు దగ్గర పాతికేళ్ళు పనిచేసి, ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకున్నాక ఈ మాట మరింత గట్టిగా చెప్పేవాడు.

అందుకే సేత్తూరు నుంచి బావమరిది సంజీవి తన పాత విలాయతీ కారును ఎడ్లతో లాగించుకొచ్చినప్పుడు, ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. ఇంజను మొత్తం విప్పి, కొత్త పిస్టన్లూ రింగులూ వేసి, నాలుగు నెలల్లో మళ్ళీ నిలబెట్టాడు. ఇంజను చక్కగా తిరిగింది. నీళ్ళు మాత్రం నిలవలేదు.

రేడియేటరు నిండా పోసి, మధ్యాహ్నం అరగంట నడిపి ఆపేవాడు. కునుకు తీసి లేచి చూస్తే చెంబెడు నీళ్ళు మాయం. షెడ్డు గచ్చు మీద చుక్క తడి ఉండేది కాదు.

ఊళ్ళో వైద్యులకు కొదవా? టీకొట్టులో ఒకడు రేడియేటరులో కోడిగుడ్డు సొన పోయమన్నాడు. మరొకడు పసుపన్నాడు. మిల్లులో నూలుకు పట్టించే గంజి పొయ్యమన్నాడు ఇంకొక మేధావి. "ఇంజనుకేమి భేదులు పట్టినాయా, గంజి పోసేదానికి?" అని పాండురంగన్ టీ సగంలో వదిలేసి వచ్చాడు.

మదురైలో రెండేళ్ళు పని నేర్చుకుని బస్టాండు పక్కన కొత్తగా షెడ్డు పెట్టిన ధర్మను సంజీవి వెంటబెట్టుకొచ్చాడు. ధర్మ ఇస్త్రీ చొక్కా నలగకుండా వంగి చూశాడు. బయట కారడం లేదంటే లోపలికే పోతున్నాయని, ఇంజను బ్లాకు పగిలిందని తేల్చేశాడు.

"అన్నా, మీకు బాయిలరు తెలుసు. ఇది కారు" అన్నాడు.

సంజీవి మొహమాటపడుతూనే, గురువారం మధ్యాహ్నం ఎడ్లను తెచ్చి కారును ధర్మ షెడ్డుకు తీసుకుపోతానన్నాడు. పోవలసింది బజారు మీదుగా. నాలుగు నెలలు తను బాగుచేసిన కారు ఎడ్ల వెనక బజారంతా ఊరేగితే, ఆ తర్వాత పాండురంగన్ దగ్గరికి సైకిలు కూడా రాదు.

ఆయన నూనె పుల్ల లాగి చూశాడు. లోపలికి నీళ్ళు చేరితే నూనె మజ్జిగలా తెల్లబడాలి. అది శుభ్రంగా ఉంది. ప్లగ్గులూ పొడిగానే ఉన్నాయి. అయితే నీళ్ళు బయటికే కారాలి. ధర్మ నోరు మూయించడానికి పెరట్లో బట్టలుతికే చాకిబండ పక్కన బోర్లా పడి ఉన్న పింగాణీ గిన్నె తెచ్చి ఇంజను కింద పెట్టాడు. మంగళవారం గిన్నె పొడిగా ఉంది. బుధవారమూ అంతే. తన పరీక్షే తన మీద సాక్ష్యం చెప్పింది.

ఇదంతా చూస్తూ కారు నీడలో పడుకునేది వెళ్ళై. పొడుగు కాళ్ళ తెల్ల కుక్క, పుట్టు చెవుడు. ఆయన ఎకసెక్కాలు వినే బాధ తప్పిన ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే.

గురువారం చిత్తిరై నెల ఎండ రేకుల్ని కాలుస్తోంది. ఇంజను ఆపాక పాండురంగన్‌కు కునుకు పట్టలేదు. స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటికి గిన్నెలో టక్‌మని చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. ఆయన లేచేలోపే వెళ్ళై పాకుతూ కారు కిందికి దూరి, గిన్నె నాకి, అంచు మీద మూతి ఆనించి తర్వాతి చుక్క కోసం చూస్తూ పడుకుంది.

ఆయన నిలబడిపోయాడు.

ఆ గిన్నె వెళ్ళైదే. రోజూ మధ్యాహ్నం తిన్న చేయి కడుక్కుని, అదే చెంబుతో ఆయన భార్య కృష్ణమ్మాళ్ ఆ గిన్నె నింపేది. తై మాసంలో, సంక్రాంతి దాటగానే, ఆమె పోయాక గిన్నె బోర్లా పడింది. కుక్క ఎక్కడ తాగుతోందో నాలుగు నెలల్లో ఒక్కసారీ ఆయనకు తోచలేదు. ఇన్నాళ్ళూ అది కారు కింద గచ్చే నాకింది. ఇప్పుడు గిన్నె తిరిగొచ్చిందనుకుంది.

తర్వాత పని గంటన్నరే. చుక్క వెంట చెయ్యి పైకి పోనిస్తే బ్లాకు వెనక వైపు నీటిదారిని మూసే మూతబిళ్ళ తగిలింది. అన్నీ కొత్తవి వేసినప్పుడు దీన్ని మార్చలేదు. గట్టిగా ఉన్నదాన్ని మార్చేవాడు చేతకానివాడని అప్పట్లో తనే అన్నాడు. ఊడదీస్తే తుప్పు తిని జల్లెడలా ఉంది. ఇత్తడి రేకు గుండ్రంగా కోసి, సుత్తితో ఉబ్బెత్తు చేసి, సందు మూసుకునేలా ఎర్ర సుద్ద పూసి దిగ్గొట్టాడు.

సంజీవి, ధర్మ వచ్చారు. వెనక ఎడ్లవాడు మూక్కన్ తన జోడు తోలుకొచ్చాడు. పాండురంగన్ కుక్కను కట్టేసి, వాళ్ళ ముందే ఇంజను నడిపి ఆపాడు. గంట కూర్చోబెట్టాడు. గిన్నె పొడిగా ఉంది. రేడియేటరులో నీళ్ళు మూతి దాకా ఉన్నాయి.

"మరి ఇన్ని దినాలూ నీళ్ళు ఏడ పోయినాయన్నా?" అన్నాడు ధర్మ.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. బాయిలరు భాషలో చెబితే ధర్మకు అర్థం కూడా కాదు.

"కుక్క తాగినాది" అన్నాడు పాండురంగన్, సంజీవి వైపు చూస్తూ. "దాని గిన్నెను నేనే కొనిపోయి దాని ముందర పెట్టినా. మీ అక్క పోయినాక ఈ ఇంట్లో దానికి నీళ్ళు పోసిన పెద్దమనిషి లేడు. నేనొగ మెకానిక్కు."

ధర్మ పగలబడి నవ్వాడు. ఈ కథ సాయంత్రానికి బస్టాండు దాటి తళవాయిపురం బస్సెక్కుతుంది.

సంజీవి నవ్వలేదు. "బావా, నువ్వు తిన్నావా?" అన్నాడు.

పాండురంగన్ లేచాడు. ఎండలో ఊరికే వచ్చిన ఎడ్లకు తొట్టి చూపించమని మూక్కన్‌తో చెప్పి, గిన్నె కడిగి, నిండా నీళ్ళు పోసి చాకిబండ పక్కన పెట్టాడు. కుక్కను విప్పాడు.

వెళ్ళై నేరుగా కారు కిందికి పోయింది. తల ఎత్తి ఇంజను వైపు చాలాసేపు చూసింది. ఏమీ పడకపోయాక బయటికి వచ్చి గిన్నెలో మూతి పెట్టింది.

"చూడు," అన్నాడు పాండురంగన్ బావమరిదితో, "దీనికి గూడా నా పని మీద నమ్మకం లేదు."