వట్టి చేతులతో వచ్చిన ఒతీలియా

కారు వీధి మలుపు తిరిగేసరికి ఒతీలియా గుండె గుభేలుమంది. ఒడిలో మూట లేదు.

“వదినా, ఆపు! తమాలెస్!”

ఎల్విరా బ్రేకు తొక్కింది. ఒతీలియా కూతురికి ఆమె జ్ఞానతల్లి. ఆ జ్ఞానస్నానం నాటి నుంచి ఇద్దరూ వదినా అంటే వదినా.

తమాలెస్ చుట్టడానికి ఎల్విరా ఇంటికి వెళ్తున్నానని చెప్పి బయటపడింది ఒతీలియా. క్రిస్మస్ నెలలో శాంతా రుఫీనా పేటలో ఏ మగాడూ ఆరా తీయని మాట అదొక్కటే. ఆడవాళ్లంతా ఒక వంటింట్లో చేరి, మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి, పొత్తుల ఆకుల్లో చుట్టి, అవి ఉడికేలోగా ఊరందరి గుట్టూ ఉతికి ఆరేస్తారు. లేచేటప్పుడు ఎవరి వాటా మూట వాళ్లు పట్టుకుపోతారు. వాటా లేకుండా ఇల్లు చేరిన మనిషిని ఆ పేటలో ఎవరూ ఎరగరు. అంత పెద్ద అబద్ధమాడిన మనిషికి ఇంత చిన్న సంగతి తట్టలేదు!

“కొట్లో కొనేద్దామా?”

“మా అత్త ఒక్క ముక్క నోట్లో వేసుకుందంటే ఎవరి చెయ్యో చెప్పేస్తుంది.”

“పోనీ, నేనూ లోపలికి రానా?”

“నువ్వొస్తే మా ఆయన అగ్గి మీద గుగ్గిలమే. తెల్ల దొరసానుల తైతక్కలు మాకు నేర్పుతున్నావంటాడు నిన్ను.”

నిజానికి వాళ్లు వచ్చింది చర్చి వెనక గదిలోంచి. అక్కడ ఆడవాళ్లు కరపత్రాలు సైక్లోస్టైల్ తీశారు. తర్వాత ఒక్కొక్కరే లేచి, కాన్పుకెళ్లిన ఆసుపత్రిలో తమకేం జరిగిందో చెప్పారు. ఒతీలియా కూడా లేచింది. కూతురు పుట్టిన రోజు, ప్రాణం పోయే నొప్పుల్లో, నొప్పి తగ్గే సూదిమందు చూపించి, తనకు చదవరాని ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెడితేనే ఇస్తామన్నారని చెప్పింది. తనకిక పిల్లలు పుట్టరని తెలిసింది మాత్రం నెలల తర్వాత. కోర్టులో దావా వేస్తున్న లాయరమ్మ ఏ పేరు రాయమంటావని అడిగితే, భయంతో పుట్టింటి పేరు చెప్పింది. ఒతీలియా బరాహాస్.

ఇదంతా మొగుడికి తెలియదు. ఎలిసేయో చెడ్డవాడు కాడు. ద్రాక్షతోటల సమ్మెలో జెండా పట్టుకుని ముందు నడిచే మనిషి. ఊళ్లో ఎవరికి అన్యాయం జరిగినా గొంతు చించుకుంటాడు. కానీ ఈసారి మగపిల్లాడేనంటూ చిన్న బేస్‌బాల్ గ్లవ్ కొని అలమర మీద పెట్టాడు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ దాన్ని చూపిస్తాడు. చూపించిన ప్రతిసారీ ఒతీలియా ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంది. తెలిస్తే వెళ్లగొడతాడా? పిల్లని లాక్కుంటాడా? వీధి చివర దింపి ఎల్విరా వెళ్లిపోయాక, ఒక్కతే గడప దాటింది.

ఎలిసేయో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. అత్తగారు దోన్యా చోనా పొయ్యి దగ్గర ఉంది.

“రావే తల్లీ, పొద్దున్నుంచి కడుపు మాడ్చుకుని కూర్చున్నా. ఏవీ?” అన్నాడు నవ్వుతూ.

“అయిపోయాయి.”

“అయిపోయాయా? తమాలెస్ చుట్టే ఇంట్లో తమాలెస్ అయిపోవడమేంటి? మీ వదిన అంత పిసినారా?”

“జనం ఎక్కువొచ్చారు.”

అతని నవ్వు ఆగిపోయింది. లేచి ఆమె చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. తమాలెస్ చుట్టిన వేళ్లను మిరప ఘాటు ఓ పట్టాన వదలదు. ఒతీలియా వేళ్లకు సైక్లోస్టైల్ సిరా అంటుకుని ఉంది.

“ఎక్కడికెళ్లావ్?”

అతను చెయ్యి వదల్లేదు. ఒతీలియా ఇంకో అబద్ధం వెతికింది, దొరకలేదు. భయం ముదిరిపోయి నిజం దానంతటదే బయటపడింది.

“ఆసుపత్రిలో నన్ను కోసేశారు, ఎలిసేయో. పిల్లలు కాకుండా. నాకు చెప్పకుండా. నాలాంటి వాళ్లం చాలామందిమి కోర్టుకెళ్తున్నాం.”

అతను చెయ్యి వదిలేశాడు. అలమర వైపు చూశాడు. ఒతీలియా కళ్లు మూసుకుంది. కొడతాడనుకుంది.

“ఎవరెవరికి తెలుసు?” అన్నాడు.

“చర్చి గదిలో చేరిన ఆడవాళ్లకి. కేసు కోర్టుకెక్కాక అందరికీ.”

“ఏ పేరు రాయించావ్?”

“మా నాన్న ఇంటిపేరు.”

“హమ్మయ్య,” అన్నాడు ఎలిసేయో, కుర్చీలో కూలబడుతూ.

అరుపుకు సిద్ధపడింది, దెబ్బకు సిద్ధపడింది. ఈ హమ్మయ్యకు సిద్ధపడలేదు. నొప్పి పుట్టిందా అని అడగలేదు. ఎవరు చేశారనీ అడగలేదు. ముక్కూ మొహం తెలియని కూలీ కోసం గొంతు చించుకునే మనిషి, తన పేరు బయటపడనందుకు ఊపిరి పీల్చుకున్నాడు. ఒతీలియాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆ దుఃఖం వెనకే కోపమూ వచ్చింది.

“రేపు పొద్దున్నే లాయరమ్మ దగ్గరికెళ్లి నీ ఇంటిపేరు కూడా రాయిస్తాను.” భయం పోలేదు, అయినా అనేసింది.

“మతిపోయిందా? యూనియన్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“ఒరేయ్, నోర్ముయ్,” అంది దోన్యా చోనా.

ఆమె పొయ్యి ఆర్పేసి, ఎసరు గిన్నె దించి, కోడలి సిరా వేళ్లను తన ఏప్రన్ చెంగులోకి తీసుకుంది.

“సాక్షిగా నా పేరూ రాయించు తల్లీ. పిల్ల పుట్టిన పూట ఆసుపత్రిలో నన్ను తలుపు బయటే నిలబెట్టేశారు. నీ కేకలన్నీ విన్నాను.”