బల్లకు ముందు గుక్కెడు నీళ్ళు

ప్రతి నెలా మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ముందు రొట్టె, ద్రాక్షరసం తీసుకుని మోకాళ్ళ మీద నుంచి లేచేటప్పుడు నాకు ఒకే అనుమానం వచ్చేది. ఆ రోజు నన్ను పడగొట్టింది ఆయనేనా? ఏళ్ళ తరబడి దీన్ని మోశాను. ఎవరినీ అడగలేదు. అడగాల్సిన మనిషి ఒక్కతే. ఆమె గుడిలో నాకు రెండు వరసల ముందు కూర్చుంటుంది.

ఆమె ఎలీసబెతక్క. మా వీధే. నేను జహీరాబాదు దిక్కు నుంచి కోడలిగా బీదరుకు వచ్చినప్పుడు నాకు కన్నడ ఒక్క ముక్క రాదు. మా గుడిలో ఆరాధన కన్నడలో. పాట మొదలుకాగానే అక్క నా పుస్తకం లాక్కుని, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించేది. "నోరు ఆడియ్యి సారా, దేవునికి అన్ని భాషలు వస్తయి" అనేది. పిల్లలు పుట్టినా, మా అత్త పోయినా ముందు వచ్చింది ఆమే.

పెళ్ళయ్యాక నేను లావెక్కుతూనే ఉన్నాను. బీపీ వచ్చింది, షుగరు వచ్చింది, మోకాళ్ళు అరిగిపోయాయి. అన్నిటికంటే నాకు బాధ ఒకటే. బల్ల ముందున్న కొయ్య కమ్మీ దగ్గర అందరూ మోకరిస్తే నేను ఒక్కదాన్నే నిలబడి రొట్టె తీసుకునేదాన్ని. గుమ్మటంలా నిలబడి ఉన్నాననిపించేది.

అప్పట్లో హైదరాబాదులో ఏ ఫ్లైఓవర్ ఎక్కినా రెండే బోర్డులు కనిపించేవి: ఫ్లాట్లు కొనండి, బరువు తగ్గండి. మా పెద్దపిల్ల షెకినాకు అక్కడే మాదాపూర్‌లో ఉద్యోగం. ఒకరోజు పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ అన్నారు. మా ఆయన ఏసప్ప ఔరాద్ బస్సు మీద కండక్టరు. ఆయనకు నచ్చలేదు. "దేవుడిచ్చిన కడుపు కోపిచ్చుకుంటవా?" అన్నాడు. మళ్ళీ తనే, "మోకాళ్ళు గూడ దేవుడే ఇచ్చిండు గద. పో, నీ ఇష్టం" అన్నాడు.

బయటివాళ్ళలో ఈ సంగతి చెప్పింది ఎలీసబెతక్కకు ఒక్కదానికే. ఆమె తలుపు మూసి వచ్చి కూర్చుంది.

"మందికి చెప్పకు సారా. తిండి ఆపుకోలేక కడుపు కోపిచ్చుకున్నదంటరు. బిడ్డ దగ్గరికి పోయినవని చెప్త. నేనున్న గద."

ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికి వచ్చాకే అసలు కష్టం. ఒక్కసారి గ్లాసెడు నీళ్ళు తాగలేను. పొద్దంతా గుక్క గుక్కగా తాగుతూ ఉండాలి. అది మరిచిపోతే మంచం మీద నుంచి లేవగానే గోడలు పక్కకు జరిగేవి. చెమట పట్టేది, గుండె దడదడలాడేది. ఒకసారి వంటింట్లో స్టవ్ ముందు కూలబడ్డాను. ఎలీసబెతక్క రోజూ మేకకాళ్ళ శోర్వా కాచి, వడగట్టి, తన పూల ఫ్లాస్కులో పోసి తెచ్చేది. "జర ఆగి తాగు, జర ఆగి తాగు" అని పక్కన కూర్చుని తాగించేది. నా తల్లి కూడా అంత చేయలేదు.

ఆమె ఇంట్లో శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థన జరిగేది. నేను చిక్కిపోవడం అందరి కళ్ళలో పడింది. ఒకరోజు ఇద్దరు ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"వదినె, శుక్రవారం ఉపవాసముండే ఇట్ల తగ్గినవంట గద! అక్క చెప్పింది. మేము గూడ మొదలువెడుతున్నం."

సాయంత్రం అక్క రాగానే అడిగాను. ఆమె ఏమాత్రం తడబడలేదు.

"నీ ముచ్చట దాయాలంటే నేనేదో ఒకటి చెప్పాలె గదనే. ఉపవాసమన్న. అబద్ధమా? నువ్వేమన్న బిర్యానీ తింటున్నవా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు వేసిన చోట లాగింది. అక్కడితో ఊరుకున్నాను.

కొన్ని నెలలకు మోకాళ్ళు వంగాయి. బల్ల ఆదివారం నాడు ఎన్నో ఏళ్ళ తర్వాత మోకరించబోతున్నానని రాత్రంతా సంతోషమే. మా ఇళ్ళలో బల్ల తీసుకునేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. మా అమ్మ అట్లాగే చేసింది, వాళ్ళమ్మ అట్లాగే చేసింది. నేనూ ముట్టలేదు. బీపీ గోళీ మాత్రం మానకూడదని, ఎప్పటి గోళీ అప్పటిలాగే, తడి లేని నోట్లో వేసుకుని మింగాను. ఆ రోజు పాస్టరు అయ్యగారి ప్రసంగం పొడుగు. బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

మోకరించాను. కమ్మీ చల్లగా తగిలింది. రొట్టె తీసుకున్నాను, తియ్యటి ద్రాక్షరసం తాగాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అందరితో పాటు గబుక్కున లేచాను.

ముందు చెవుల్లో తేనెటీగల మోత. తర్వాత అయ్యగారి తెల్లటి అంగీ నల్లబడింది. అంతే.

మనిషి తేరుకునేటప్పుడు కళ్ళ కంటే ముందు చెవులు వస్తాయి. ఇది పడిపోయినవాళ్ళకే తెలుసు. నేను చాప మీద ఉన్నాను. ఎవరో నా నుదుటి మీద తడి కొంగు అద్దుతున్నారు. చుట్టూ గుసగుసలు. పాపం దాచుకుని బల్లను అయోగ్యంగా తీసుకున్నవాళ్ళ గతి ఇదేనని ఎవరో అంటున్నారు.

"అక్కా, నీకు తెల్సు గద. నీ ప్రార్థన మనిషే గద. ఏమైందామెకు?"

"నాకేమెరుక? బల్ల కాడ పడ్డదంటే లోపలేమున్నదో ఆ ప్రభువుకే ఎరుక."

అది ఎలీసబెతక్క గొంతు. నా నుదుటి మీదున్న చెయ్యి కూడా ఆమెదే.

కళ్ళు తెరవలేక కాదు, తెరవబుద్ధి కాక అట్లాగే పడుకున్నాను.

ఆ వారంలో అయ్యగారు ఇంటికి వచ్చారు. చెడ్డవారు కాదు. కుర్చీ అంచున కూర్చుని, మనసులో ఏదైనా ఉంటే చెప్పమ్మా అన్నారు. ఆపరేషన్ సంగతంతా చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"మరి ఉపవాసంతో తగ్గిండ్రని అందరూ దేవుణ్ణి స్తుతించిండ్రు గదమ్మా?"

"నేను చెప్పలే అయ్యగారూ. ఎలీసబెతక్కను అడుగుండ్రి. ఆమెకన్నీ తెల్సు."

"అడిగే వచ్చిన. ఆపరేషన్ ముచ్చట తనకు తెల్వదన్నది. మీరే ఉపవాసమని చెప్పిండ్రంట."

నేను అలమర వైపు చూశాను. పూల ఫ్లాస్కు అక్కడే ఉంది. దాన్ని చూపించి ఏమని రుజువు చేయను? శోర్వా ఎవరైనా పంపిస్తారు. కొన్నాళ్ళు బల్లకు దూరంగా ఉండి మనసు పరిశీలించుకోమని చెప్పి ఆయన వెళ్ళిపోయారు. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "పోయి ఆమె ఇంటి ముంగట నిలవడి అడుగుత" అన్నాడు. నేనే వద్దన్నాను. అడిగితే ఇంకోసారి తెలియదంటుంది. అది వినే ఓపిక నాకు లేదు.

షెకినా నన్ను మళ్ళీ హైదరాబాదు తీసుకుపోయింది. డాక్టరమ్మ పడుకోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి చూసింది. బరువు తగ్గాక పాత గోళీ ఎక్కువైపోయిందని, అది తగ్గించాలని అంది. ఒంట్లో నీళ్ళు లేవు, ఒక్కసారిగా లేచారు, అందుకే పడ్డారని చెప్పింది. "అంతసేపు నీళ్ళు ఎందుకు తాగలేదు? దేవుడు వద్దన్నాడా అమ్మా?" అని నవ్వింది.

నేను ఇంటికి వచ్చి బైబిలు మొదటి నుంచి వెతికాను. బల్లకు ముందు నీళ్ళు తాగొద్దని నాకెక్కడా కనబడలేదు. అయినా డాక్టరమ్మ చెప్పింది ఒంటి సంగతి. వంటింట్లో కూలబడ్డా తెలివి తప్పనిదాన్ని సరిగ్గా అక్కడే, ఆయన ముందే ఎందుకు పడ్డాను? దీనికి ఏ డాక్టరు జవాబు చెప్పాలి?

కొత్త అయ్యగారు వచ్చాక నన్ను మళ్ళీ బల్లకు రానిచ్చారు. ఇంట్లో ఎవరూ చూడకుండా గుక్కెడు నీళ్ళు తాగి పోతాను. కమ్మీ పట్టుకుని మెల్లగా లేస్తాను. లేచిన ప్రతిసారీ ఆ అనుమానమే వచ్చేది.

ఫ్లాస్కు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇచ్చినవాళ్ళ గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదు. నింపి పంపాలంటే చెయ్యి రాలేదు. రెండు క్రిస్మస్‌లకు సేమియా వండి ఫ్లాస్కు కడిగి పెట్టాను, మళ్ళీ అలమరలోనే పెట్టాను. ఆమె అడగలేదు. వీధిలో ఎదురైతే "బాగున్నవా" అనేది. "బాగున్న" అనేదాన్ని.

పోయిన చలికాలం, మధ్యాహ్నం పూట, ఎలీసబెతక్క మా గడప తొక్కింది. మనిషి సగమైంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా బిడ్డ క్రిస్టీ హైదరాబాదుల ఆ ఆపరేషనే చేయించుకున్నది సారా. ఇంటికి తెచ్చుకున్న. లేస్తే కండ్లు తిరుగుతున్నయి. నిన్న బాత్రూం కాడ పడ్డది. నాకు పరేషాన్ అయితున్నది. నీకు తప్ప ఎవరికీ తెల్వదు."

"ఆ ఆపరేషను ఎట్లుంటదో నీకు తెల్వదు గద అక్కా" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అప్పటి ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఒక్కటే అడుగుత. ఎందుకట్ల అన్నవు?"

కొంగు తీసి గొంతు తగ్గించింది. "ఇల్లు నిండ మంది వస్తుండిరి ప్రార్థనకు. ఉపవాసం కాదు, ఆపరేషన్ అని చెప్తే నా ముఖం ఎవరు చూస్తుండిరి? నువ్వంటే... నువ్వు ఓర్చుకుంటవనుకున్న."

దెబ్బ తగిలే చోటు తెలిసినవాళ్ళే అట్లా అనుకోగలరు. అయినా క్రిస్టీ నా చేతుల మీద పెరిగిన పిల్ల. గుక్క గుక్కగా నీళ్ళు తాగించమన్నాను. మంచం అంచున కాసేపు కూర్చున్నాకే లేవనివ్వమన్నాను. ఇంతకుముందు బీపీ, షుగరు గోళీలు ఏవైనా ఉంటే ఇవ్వాళే డాక్టరుకు ఫోన్ చేసి అడగమన్నాను. పడిపోయిందని కూడా తప్పకుండా చెప్పమన్నాను.

"ఇంకొకటి. ఈ ఆదివారం బల్ల. నీళ్ళు తాగించి తీసుకరా. మోకరించనియ్యకు."

"మంది ఏమంటరు?"

"అది నీకే తెల్వాలె."

ఆదివారం క్రిస్టీ తల్లి పక్కన గోడకానుకుని కూర్చుంది. బల్లకు పిలిచినప్పుడు ఎలీసబెతక్క లేచి నిలబడింది. గుడి అంతటికీ వినబడేలా అంది:

"అయ్యగారూ, మా బిడ్డకు కడుపు ఆపరేషన్ అయింది. మోకరించి లేస్తే పడిపోతది. కూసున్న కాడికే తీసుకరాండ్రి."

ఎవరూ గుసగుసలాడలేదు. అయ్యగారు రొట్టె తీసుకుని కిందికి నడిచి వచ్చారు. క్రిస్టీ కూర్చునే తీసుకుంది. కళ్ళు తుడుచుకుంది. పడలేదు.

నేను ఎలీసబెతక్క వీపునే చూస్తున్నాను. ఇప్పుడు నా పేరు తీస్తుంది, సారాకు కూడా ఆ రోజు ఇదే అయిందని అంటుంది అనుకున్నాను. ఆమె కూర్చుంది. కొంగు సర్దుకుంది. నా వైపు తిరగలేదు.

ఇంత చిన్న మాట. అదే మాట, అదే గుడి. ఆ రోజు ఎవరైనా ఈ మాట అని ఉంటే నేను గోడకానుకుని కూర్చునే తీసుకునేదాన్ని. ప్రభువు మీద నా అనుమానం అక్కడే తీరిపోయింది. మనిషి మీద ఉన్నది అనుమానం కాదు, అది తీరేది కాదు.

మర్నాడు పొద్దున్నే మేకకాళ్ళు తెప్పించి, కాచి, వడగట్టాను. అలమరలో నుంచి ఫ్లాస్కు తీసి వేడినీళ్ళతో కడిగాను. పూలు సగం చెరిగిపోయాయి. మూత మాత్రం గట్టిగానే ఉంది. నిండా పోసి తీసుకుపోయాను.

ఎలీసబెతక్క తలుపు తీసి దాన్ని చూసింది. "గిది నాదే గద! ఇన్నేండ్లు ఉంచుకున్నవా?"

"ఖాళీది ఎట్ల ఇయ్యాలక్కా."

లోపలికి పోయి క్రిస్టీ పక్కన కూర్చున్నాను. మూతలో కొద్దిగా పోసి చేతికిచ్చాను. "జర ఆగి తాగు బిడ్డా, జర ఆగి తాగు." పిల్ల ఊదుకుంటూ తాగింది. రెండో మూత కూడా అడిగింది.

ఎలీసబెతక్క గుమ్మంలో నిలబడి, "సారా, చాయ్ తాగి పో" అంది.

"ఇంకోసారి" అన్నాను. ఫ్లాస్కు క్రిస్టీ తలాపున, చెయ్యి అందేచోట పెట్టి, మూత బిగించి బయటికి వచ్చాను.