సుగుణమ్మ ఒక్కగానొక్క కూతురు

జహీరాబాదు పొలిమేరలో మిలిటరీ లారీ దిగీ దిగగానే సలోమి రోడ్డు పక్కన కూలబడి వాంతి చేసుకుంది. గుంటూరు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా నెత్తురూ చీమూ కడిగిన పిల్ల ఆమె. అయినా దారిలో ఆ మోటబావిని చూశాక కడుపు నిలవలేదు. బావి నిండా మనుషులు తేలుతున్నారు. ఒకామె చేతికి ఆకుపచ్చ గాజులు ఒక్కటీ చిట్లకుండా అలాగే ఉన్నాయి. చిరాగ్‌పల్లి క్యాంపులో మందులు దించి సాయంత్రానికి తిరిగొస్తానని, అప్పటికి అమ్మానాన్నలను తీసుకుని ఇక్కడే నిలబడమని చెప్పి డ్రైవరు లారీ కదిలించాడు.

అది 1948 సెప్టెంబరు నెలాఖరు. నిజాం లొంగిపోయి పదిరోజులు దాటింది. మొన్నటిదాకా రజాకార్లు ఊళ్లు తగలబెట్టారు. ఇప్పుడు పగబట్టినవాళ్లు రజాకార్లు దొరక్క, దొరికిన తురకవాణ్నల్లా నరుకుతున్నారు. చేసిందొకడు, చచ్చేదొకడు! ఆ లెక్క ఎవడికి కావాలి ఆ రోజుల్లో?

సలోమి తండ్రి జీవరత్నం పాదిరి. గుంటూరు సీమలోని సంఘంవాళ్లు చందాలు పోగేసి, ఆయన్నీ భార్య సుగుణమ్మనీ పద్నాలుగేళ్ల కిందట నైజాం రాజ్యానికి సువార్త చెప్పడానికి పంపారు. నవ్వకండి. అప్పుడది పరదేశమే. నాణెం వేరు, తపాలా బిళ్ల వేరు, రాజు వేరు. ఎనిమిదేళ్ల సలోమిని హాస్టల్లో దింపి, ఏడుస్తున్న పిల్ల వేళ్లు కొంగునుంచి విడదీసుకుని రైలెక్కింది తల్లి. తర్వాత రెండుసార్లు వచ్చి చూసింది. ఊరివాళ్ల పిల్లలందరికీ అమ్మై, నాకు మాత్రం ఉత్తరమైందని సలోమికి కోపం. ఆ ఊరి గడప తొక్కనని ఒట్టు కూడా పెట్టుకుంది. ఈ చావుల సంగతి విన్నాక ఆ ఒట్టు గాలికి పోయింది. వాళ్లను ఈ నరకంలోంచి లాక్కుపోవాలని మిలిటరీ మందుల లారీలో నర్సుగా పేరు రాయించుకుని వచ్చింది.

మిషను ఇల్లు రోడ్డుకు నాలుగడుగులే. తలుపు తీసిన సుగుణమ్మ కూతుర్ని చూసి గబుక్కున లోపలికి లాగి గడియ పెట్టింది. కావిలించుకోలేదు. వెనకాల మంచం మీద పద్దెనిమిదేళ్ల పిల్లొకతె మోకాళ్లలో మొహం పెట్టుకుని కూచుంది. ఆ పిల్ల ఒంటిమీద తెల్లచీర చూసి సలోమికి ఒళ్లు మండిపోయింది. నువ్వు వచ్చిన రోజు కట్టుకుందువుగాని అని తల్లి ప్రతి ఉత్తరంలోనూ రాసిన, ఎర్రంచు మంగళగిరి చీర అది!

"ఎవరమ్మా ఈవిడ?"

"హాజిరా అనీ, గిన్నెలకు కళాయి వేసే జలాల్ కూతురమ్మా" అంది తల్లి గొంతు తగ్గించి. "మేమొచ్చిన కొత్తలో ఊళ్లో ఎవరూ మమ్మల్ని బావి తాకనివ్వకపోతే నీళ్లిచ్చింది ఆ జలాలే. నిన్న పొద్దున్న ఆయన్ని ఇంటి ముందే నరికారు. గొడ్డలితో. మూడు దెబ్బలకీ పోలేదు మహానుభావుడు, పాక్కుంటూ గడప దాకా వచ్చాడు. ఈ పిల్ల పెరటి గోడ దూకి వచ్చింది."

"సాయంత్రం లారీ వస్తుంది. మీరిద్దరూ నాతో వస్తున్నారు, అంతే. ఇంక మాట్లాడొద్దు."

"ఈ పిల్ల?" అన్నాడు కిటికీ దగ్గరున్న జీవరత్నం.

సలోమి జవాబు చెప్పేలోపే తలుపు మీద గొడ్డలి మడమ పడింది. ఇంకో రెండు దెబ్బలకు గడియ ఊడింది.

ఏడెనిమిది మంది. ముందున్నవాడు ఝరాసంగం రైతు శరణప్ప. ఈ ఇంటి అరుగు మీదే జీవరత్నం దగ్గర ఐదో తరగతి దాకా చదువుకున్నాడు. మొన్న ఎండాకాలంలో రజాకార్లు వాడి తమ్ముణ్ని గడ్డివాములో కట్టేసి కాల్చేశారు. వాడి కళ్లు నిద్రలేక వాచిపోయి ఉన్నాయి. ధోవతి మోకాళ్ల దాకా తడిసి ఉంది, అది నీళ్ల తడి కాదు.

"అయ్యగారూ, మీ మీద నాకు కోపం లేదు. జలాల్ బిడ్డ గోడ దుంకి గిటుదిక్కు వచ్చిందట. జర ఇచ్చేయున్రి, పోత."

"ఇక్కడ జలాల్ కూతురు లేదు నాయనా" అంది సుగుణమ్మ.

శరణప్ప చూపు మంచం మీదకు పోయింది. "గామెవరు?"

"మా అమ్మాయి!" సుగుణమ్మ ఒక్క అంగలో మంచం దగ్గరికి పోయి హాజిరా భుజం పట్టుకుంది. "మా సలోమి. మొన్న వచ్చింది. జ్వరంతో నోరు పడిపోయింది బిడ్డకి."

గోషాలో పెరిగిన హాజిరా మొహం ఊళ్లో మగవాళ్లెవరూ చూడలేదు. సలోమి మొహం అసలెవరూ చూడలేదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ శరణప్ప సలోమి వైపు తిరిగాడు.

"మరి గీమె?"

ఈమె కూడా మా కూతురే అని సుగుణమ్మ అనడానికి లేదు. పద్నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం, కిటికీల దగ్గర ఊరంతా నిలబడి వింటుండగా, దూరాన ఉన్న మా ఒక్కగానొక్క కూతురు సలోమిని కాపాడు ప్రభువా అని మొగుడూ పెళ్లాలు గొంతెత్తి ప్రార్థన చేశారు. శరణప్ప చిన్నప్పుడు ఆ ప్రార్థనకు ఆమెన్ అన్నవాడే.

నేనే! నేను వీళ్ల కూతుర్ని! మాట సలోమి నాలుక చివరిదాకా వచ్చింది. పద్నాలుగేళ్లుగా ఈ ఊరికి చెప్పాలనుకున్న మాటే అది. మంచం మీది పిల్ల తలెత్తి ఆమెను చూసింది. ఏమీ అడగలేదు, ఊరికే చూసింది. ఆ పిల్ల చేతికీ ఆకుపచ్చ గాజులే.

"నర్సుని" అంది సలోమి. "మిలిటరీ లారీలో వచ్చాను. ఈ అమ్మాయికి జ్వరమంటే మందివ్వడానికి దిగాను."

శరణప్ప ఆమెను కిందినుంచి పైదాకా చూసి మెల్లగా నవ్వాడు. "మాట చూస్తే ఆంధ్రమాటనే. నర్సువే కావొచ్చు. బిడ్డవు గూడ కావొచ్చు. గట్లయితే మంచం మీదిది జలాల్ బిడ్డే గద! ఎట్ల తెలుసుకోవాలె? అయ్యగారు అబద్ధమాడడు, కానీ అమ్మగారు ఆడతది."

వాడు పక్కవాడి చేతిలోని ముల్లుగర్ర అందుకున్నాడు. ఇద్దరు సలోమి జుట్టు పట్టి వంచారు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. కర్ర కొసనున్న ముల్లు రవికెను చీరుకుంటూ పోయింది. వాడు కొడుతున్నది ఆమెనే గాని చూస్తున్నది సుగుణమ్మ మొహాన్ని. రెండో దెబ్బ, మూడో దెబ్బ. సలోమి అడ్డం పెట్టిన ఎడమచెయ్యి ముంజేతి దగ్గర ఎండుకట్టె విరిగినట్టు విరిగింది. ఆ చప్పుడు గదిలో అందరికీ వినపడింది.

అమ్మా అని అరవకూడదు. ప్రపంచంలో దెబ్బ తగిలిన ప్రతివాడూ అనే మాట, తనొక్కతే అనకూడదు. సలోమి పెదవి కొరికేసుకుంది. నోట్లోకి ఉప్పగా నెత్తురు వచ్చింది.

"వదిలెయ్ శరణప్పా" అన్నాడు జీవరత్నం. గొంతు వణకలేదు. "పరాయి పిల్ల. ఊరుగాని ఊరు వచ్చింది. రేపు మిలిటరీవాళ్లకు నువ్వే జవాబు చెప్పుకోవాలి."

పరాయి పిల్ల! విరిగిన చెయ్యి కంటే ఆ మాట ఎక్కువ నొప్పించింది. సలోమి తలెత్తి తల్లిని చూసింది. సుగుణమ్మ గోడలా నిలబడి ఉంది. కంట తడి లేదు. హాజిరా భుజం మీద చెయ్యి వేసి, ఎవరి ఇంట్లోనో జరుగుతున్నది చూస్తున్నట్టు చూస్తోంది. ఆ క్షణాన సలోమి తల్లిని అసహ్యించుకుంది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, అంతగా ఎవరినీ ఎప్పుడూ అసహ్యించుకోలేదు. కర్ర మళ్లీ లేచింది. ఈసారి పక్కటెముకల మీద పడి ఆమెను నేల కరిపించింది.

"తీయ్" అన్నాడు శరణప్ప కర్ర పారేసి. "కన్నతల్లయితే గిట్ల నిలబడదు. జలాల్ బిడ్డ ఇంకో గోడ దుంకినట్టుంది. పక్కిండ్లు చూడున్రి."

వాళ్లు బయటికి పోయారు. రెండిళ్ల అవతల తలుపు పగిలిన చప్పుడు, వెంటనే ఎవరో ముసలాయన కేక, మధ్యలోనే తెగిపోయింది.

జీవరత్నం ఊడిన తలుపు మూసి వీపు ఆనించాడు. ఇప్పుడు వణుకుతున్నాడు. సలోమి గోడ పట్టుకుని లేచి, సంచిలోని కట్టుగుడ్డతో చెయ్యి తనే కట్టుకోబోయింది.

"నా దగ్గరికి రావద్దు" అంది తల్లి వైపు చూడకుండా.

తల్లి రాలేదు. ఉన్నచోటే నిలబడిపోయింది.

"అమ్మీ... జర ఇడువు" అంది హాజిరా. ఆ పూటకి ఆ పిల్ల నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

సుగుణమ్మ వేళ్లు ఊడిరాలేదు. జీవరత్నం వచ్చి ఒక్కొక్క వేలూ విడదీశాడు. తెల్లచీర భుజం మీద ఎర్రగా తడిసింది. సలోమి అలవాటు కొద్దీ ముందుకు పోయి బట్ట తొలగించి చూసింది. నాలుగు గోళ్లు కండలోకి దిగిపోయాయి. రెండు గోళ్లు మొదలంటా విరిగి అక్కడే ఉండిపోయాయి.

"దెబ్బ పడ్డప్పుడల్ల దిగినయ్ అక్కా" అంది హాజిరా. "నేనూ ఒర్లలె, నోరు మూస్కున్న."

సలోమి తల్లి చెయ్యి అందుకుంది. వేళ్ల కొసలనుంచి నెత్తురు కారుతోంది. అప్పుడు లేచింది సుగుణమ్మ కడుపులోంచి ఏడుపు. పద్నాలుగేళ్లదీ, ఆ పూటదీ ఒక్కటై, నా తల్లీ, నా బిడ్డా అని కేకయ్యేలోపే సలోమి మంచి చెయ్యి తల్లి నోటికి అడ్డం పెట్టి అదిమింది.

"ఏడవకమ్మా. వాళ్లింకా పక్కింట్లోనే ఉన్నారు. వింటారు."

తల్లి పళ్లు ఆ అరచేతిలో దిగాయి. సలోమి చెయ్యి తియ్యలేదు.